ట్రాక్టరుకు తగిన ట్రాలీ: బరువుల లెక్క తెలుసుకుందాం

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి "ధాన్ కా కటోరా", అనగా ధాన్యపు గిన్నె అని పేరు. నవంబరు మధ్య నుండి జనవరి చివరి వరకు ఇక్కడి సహకార సంఘాల కొనుగోలు కేంద్రాలలో ధాన్య సేకరణ జరుగుతుంది. ఆ రోజులలో రాయపూర్ జిల్లాలోని ఆరంగ్, అభన్‌పూర్, తిల్దా, ధర్సీవా ప్రాంతాల రోడ్లపై ఎటు చూసినా ధాన్యం బస్తాలతో నిండిన ట్రాక్టరు ట్రాలీలే కనిపిస్తాయి. ట్రాలీని కొన్ని ఊళ్ళలో తొట్టి అంటారు, మరికొన్ని చోట్ల ట్రక్కు అంటారు. పేరు ఏదైనా, దానిని కొనడానికి బ్యాంకు రుణం కోరి వచ్చే రైతు సోదరులు సాధారణంగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇందులో ఎన్ని బస్తాలు పడతాయి?"

నిజానికి అడగవలసిన ప్రశ్న అది కాదు. ఎన్ని బస్తాలు పడతాయన్నది ట్రాలీ పొడవు వెడల్పులను బట్టి ఉంటుంది. ఎన్ని కిలోలు వేయవచ్చునన్నది ఆ ట్రాలీ నమోదు పత్రాన్ని బట్టి, ఇరుసును బట్టి, టైర్లను బట్టి, అన్నింటికంటె ముఖ్యంగా ముందున్న ట్రాక్టరును బట్టి ఉంటుంది. ఈ రెండు ప్రశ్నలకూ గల తేడా తెలియకపోవడం వలననే శక్తికి మించిన ట్రాలీలు కొనడం, ఇరుసులు విరగడం, జరిమానాలు కట్టడం, కొన్ని సందర్భాలలో ప్రాణాల మీదికి తెచ్చుకోవడం జరుగుతున్నది. ఈ లెక్కకు కూడికలు, తీసివేతలు, కొద్దిపాటి గుణకారాలు వస్తే చాలు.

బరువులకు గల పేర్లు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రాక్టరు అంటే తాను స్వయంగా సరకు మోయడానికి నిర్మించబడని వాహనం. సరకు మోసేది ట్రాలీ. అందువలన చట్టం దృష్టిలో ఇవి రెండు వేర్వేరు వాహనాలు. రెండింటికీ విడివిడిగా నమోదు పత్రాలు, అనగా ఆర్.సి.లు ఉంటాయి. ఆ పత్రాలలోను, కంపెనీ పుస్తకంలోను, వేబ్రిడ్జి చీటీలోను కనిపించే బరువులు ఇవి:

ఖాళీ బరువు: సరకు లేనప్పుడు వాహనం తూగే బరువు. పనిలో మామూలుగా వాడే సామగ్రి అంతా ఇందులో చేరుతుంది. డ్రైవరు బరువు మాత్రం చేరదు.

మొత్తం బరువు: వాహనమూ, అందులోని సరకూ కలిసి ఇంతకు మించరాదని రవాణా శాఖ నమోదు చేసిన బరువు. దీనినే గ్రాస్ వెహికల్ వెయిట్ అంటారు. ఇది ఆ రోజు తూగిన బరువు కాదని, అనుమతించిన గరిష్ఠ బరువని గమనించాలి.

సరకు బరువు: మొత్తం బరువులో నుండి ఖాళీ బరువును తీసివేయగా మిగిలేది. వ్యాపారులు పేలోడ్ అనేది దీనినే.

ఇరుసు బరువు: ఒక ఇరుసుకు ఉన్న చక్రాలన్నీ కలిసి నేలపై మోపే బరువు.

కొక్కెం బరువు: ట్రాలీ ముందు భాగం ట్రాక్టరు వెనుక కొక్కెంపై కిందికి మోపే బరువు. ఇది ఆర్.సి.లో కనిపించదు. కాని స్టీరింగు వశంలో ఉండడం, ఉండకపోవడం దీనిపైననే ఆధారపడి ఉంటుంది.

జంట బరువు: ట్రాక్టరు, ట్రాలీ, సరకు అన్నీ కలిసిన బరువు. ఇంజను లాగవలసిందీ, బ్రేకులు ఆపవలసిందీ ఈ బరువునే.

ఒక ఉదాహరణ

రైతు వద్ద 2,000 కిలోల ఖాళీ బరువు గల ట్రాక్టరు ఉన్నదనుకుందాం. ట్రాలీ ఆర్.సి.లో ఖాళీ బరువు 1,500 కిలోలు, మొత్తం బరువు 6,000 కిలోలు అని ఉన్నది. తీసివేయగా సరకు బరువు 4,500 కిలోలు.

ఛత్తీస్‌గఢ్ కొనుగోలు కేంద్రాలలో బస్తాకు 40 కిలోల ధాన్యం నింపుతారు. కొత్త గోనెసంచి బరువు 580 గ్రాములు. అంటే బస్తా సుమారు 40.6 కిలోలు. ఈ లెక్కన ఆ ట్రాలీలో వేయదగినవి 110 బస్తాలు.

2023-24 నుండి ఈ రాష్ట్రంలో ఎకరాకు 21 క్వింటాళ్ళ వరకు ధాన్యం కొంటున్నారు. అయిదు ఎకరాల రైతుకు 105 క్వింటాళ్ళు, అనగా 263 బస్తాలు అవుతాయి. నమోదు పత్రం ప్రకారం దీనికి మూడు ట్రిప్పులు కావాలి. "రెండు ట్రిప్పులలో ముగిస్తే సరిపోతుంది కదా" అని అనిపించడం సహజం. కాని ట్రిప్పుకు 132 బస్తాలు వేస్తే సరకు 5,359 కిలోలు అవుతుంది. అంటే ప్రతి ట్రిప్పులోను 859 కిలోలు అదనం. కంటికి ఇరవై రెండు బస్తాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఇరుసుకు మాత్రం దాదాపు తొమ్మిది క్వింటాళ్ళ అదనపు భారం.

ఇక్కడ ఇంకొక చిక్కు ఉన్నది. ట్రాలీ కొన్న తరువాత పక్క రేకులను ఎత్తు చేయించడం, అడుగున మందపాటి రేకు వేయించడం చాలామందికి అలవాటు. ఆ విధంగా 150 కిలోల ఇనుము చేరితే ఖాళీ బరువు 1,650 కిలోలు అవుతుంది. మొత్తం బరువు మాత్రం 6,000 కిలోలే. సరకు బరువు 4,350 కిలోలకు, బస్తాలు 107కు తగ్గిపోతాయి. ట్రాలీని పెద్దది చేశామని సంతోషించే రైతు నిజానికి దాని శక్తిని తగ్గించుకున్నాడన్నమాట. పైగా, ఆర్.సి.లో ఉన్నదానికంటె ఎక్కువ ఖాళీ బరువు గల ట్రాలీని రోడ్డుపై నడపడం చట్టంలోని 113వ సెక్షను ప్రకారం నిషిద్ధం.

కంటిని నమ్మరాదు

ట్రాలీ నిండినదా లేదా అన్నది చూసి బరువును అంచనా వేయడం ప్రమాదకరం. పది అడుగుల పొడవు, ఆరు అడుగుల వెడల్పు, రెండు అడుగుల లోతు గల ట్రాలీ పరిమాణం 120 ఘనపు అడుగులు, అనగా 3.4 ఘనపు మీటర్లు. అందులో ధాన్యాన్ని విడిగా అంచుల వరకు పోస్తే సుమారు రెండు టన్నులు తూగుతుంది. అదే ట్రాలీలో మహానది ఇసుకను అంచుల వరకు పోస్తే బరువు అయిదున్నర టన్నులకు చేరువ అవుతుంది. మన ఉదాహరణలోని ట్రాలీకి అది ఒక టన్ను అదనం. అంచులు దాటకపోయినా అనుమతి దాటిపోయింది. బస్తాలైతే అంచులకు పైగా పేర్చుతారు కనుక, అక్కడ కంటి లెక్క ఇంకొక విధంగా తప్పుతుంది.

ఇసుక, ఇటుకల వంటి సరకులను కిరాయికి తోలే విషయంలో బరువుతో పాటు మరొకటి చూసుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 వ్యవసాయ ట్రాక్టరును రవాణా వాహనాల కోవలో చేర్చలేదు. వ్యవసాయ ట్రాలీ ప్రధానంగా వ్యవసాయ సామగ్రిని తరలించడానికే ఉద్దేశించబడినది. వేరు పనికి వాడే ముందు నమోదు, పన్ను, బీమా ఆ పనికి సరిపోతాయో లేదో విచారించుకోవడం అవసరం.

కొక్కెంపై పడే బరువు

నాలుగు చక్రాల ట్రాలీ తన బరువును దాదాపు అంతా తన రెండు ఇరుసులపైనే మోసుకుంటుంది. రెండు చక్రాల ట్రాలీ అటువంటిది కాదు. దాని బరువులో కొంత భాగం ట్రాక్టరు కొక్కెంపై పడుతుంది. మన ఉదాహరణలోని ట్రాలీ రెండు చక్రాలదనీ, 6,000 కిలోలలో పదవ వంతు, అనగా 600 కిలోలు కొక్కెంపై పడుతున్నదనీ అనుకుందాం.

కొక్కెం ట్రాక్టరు వెనుక ఇరుసుకు వెనుకగా ఉంటుంది. అందువలన అక్కడ పడే బరువు త్రాసు దండెవలె పనిచేసి ముందు చక్రాలను పైకి లేపుతుంది. ట్రాక్టరు ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 1.9 మీటర్లు, వెనుక ఇరుసు నుండి కొక్కెం దూరం 0.6 మీటర్లు అయితే, 600 కిలోల కొక్కెం బరువు ముందు చక్రాలపై నుండి సుమారు 190 కిలోలను తగ్గిస్తుంది. ముందు ఇరుసుపై 760 కిలోలు ఉండే ట్రాక్టరుకు 570 కిలోలు మిగులుతాయి. వెనుక ఇరుసుపై మాత్రం 1,240 కిలోలు కాస్తా 2,030 కిలోలు అవుతాయి. వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది కనుక ఇది కొంతవరకు మేలే.

బస్తాలన్నీ ముందువైపు పేర్చి కొక్కెం బరువును 1,500 కిలోలకు పెంచితే పరిస్థితి మారిపోతుంది. ముందు ఇరుసుపై మిగిలేది 286 కిలోలు మాత్రమే. స్టీరింగు వశంలో ఉండాలంటే ట్రాక్టరు బరువులో కనీసం అయిదవ వంతు, మన లెక్కలో 400 కిలోలు, ముందు చక్రాలపై ఉండాలన్నది సాధారణ సూత్రం. ఈ ట్రాక్టరు సమతలంపైననే ఆ హద్దు దాటింది. ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు ఇంకా తేలిపోయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. దీనికి విరుద్ధంగా బస్తాలను వెనుకకు పేర్చితే ట్రాలీ ముక్కు పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రాల పట్టునే తగ్గిస్తుంది. కనుక బరువు ఇరుసుపైన, కొద్దిగా ముందుకు ఒరిగి ఉండేటట్లు పేర్చాలి.

లాగడం వేరు, ఆపడం వేరు

"నా ట్రాక్టరు లాగుతుంది" అన్న మాట తరచుగా వింటాము. తారురోడ్డుపై చక్రాలు దొర్లడానికి కావలసిన లాగుడు, చక్రాలపై ఉన్న బరువులో వందకు రెండు వంతులు మాత్రమే. ట్రాలీ ఇరుసుపై ఉన్న 5,400 కిలోలకు అది 108 కిలోలు. గట్టి మట్టిదారిపై వందకు ఆరు వంతుల చొప్పున 324 కిలోలు. రాయపూర్ ప్రాంతంలో కన్హార్ అని పిలిచే నల్లరేగడి తడిసి ఉంటే వందకు పదిహేను వంతుల చొప్పున 810 కిలోలు అవసరమవుతుంది. అదే తడి నేలపై వెనుక ఇరుసు 2,030 కిలోలకు దొరికే పట్టు, వందకు నలభై వంతుల చొప్పున, 812 కిలోలు. ట్రాక్టరు తనను తాను కదిలించుకోవడానికి ఇక ఏమీ మిగలదు. చక్రాలు గిరగిర తిరిగి దిగబడిపోతాయి. ఇంజనులో అశ్వశక్తి ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. రోడ్డుపై లాగిన బరువును పొలంలో నుండి లాగలేకపోవడానికి కారణం ఇదే. ఇరవై మీటర్లకు ఒక మీటరు ఎత్తు లేచే దారి అయితే 8,000 కిలోల జంట బరువుకు మరొక 400 కిలోల లాగుడు కలుపుకోవాలి.

ఆపడం దీనికంటె కష్టం. వ్యవసాయ ట్రాలీలలో చాలావాటికి పనిచేసే బ్రేకులు ఉండవు. అప్పుడు 8,000 కిలోల జంటను 2,000 కిలోల ట్రాక్టరు బ్రేకులే ఆపవలసి ఉంటుంది. ఆపే శక్తి దాదాపు అంతే, ఆగవలసిన బరువు నాలుగింతలు. కనుక ఆగే దూరం కూడా దాదాపు నాలుగింతలు అవుతుంది. ట్రాలీ లేకుండా బ్రేకు వేసిన చోటి నుండి 4 మీటర్లలో ఆగే ట్రాక్టరు, అదే వేగంలో ఈ ట్రాలీతో 16 మీటర్ల వరకు పోతుంది. వేగం రెండింతలైతే దూరం మళ్ళీ నాలుగింతలు, అనగా 64 మీటర్లు. అభన్‌పూర్ మీదుగా ధమ్‌తరి వైపు పోయే జాతీయ రహదారిపై అడ్డు వచ్చిన సైకిలుకు, ట్రాక్టరుకు నడుమ అంత దూరం ఉండకపోవచ్చు.

ఇంగ్లండులో సెలవులకు వెళ్ళేవారు కారు వెనుక కారవాన్ అనే ఇంటిబండిని తగిలించుకుని పోతారు. అక్కడ అనుభవజ్ఞులు ఇచ్చే సలహా ఏమనగా, సామానుతో కూడిన కారవాన్ బరువు కారు బరువులో నూటికి 85 వంతులు మించరాదు, దాని ముక్కు కొక్కెంపై మోపే బరువు కారవాన్ బరువులో 5 నుండి 7 వంతులు ఉండాలి. 750 కిలోలు దాటిన వెనుకబండికి సొంత బ్రేకులు ఉండి తీరాలని అక్కడి చట్టం. మన ట్రాక్టరు నెమ్మదిగా నడిచే వాహనం కనుక కారు సూత్రం దానికి యథాతథంగా వర్తించదు. అయినప్పటికీ, తనకంటె తేలికైన బండికే అక్కడ అన్ని జాగ్రత్తలు తీసుకుంటున్నప్పుడు, తనకు మూడింతల బరువును బ్రేకులు లేకుండా లాగించే మనం ఎంత జాగ్రత్త పడాలో ఆలోచించాలి. ట్రాలీ కొనేటప్పుడే బ్రేకులు గలదానిని ఎంచుకోవడం ఉత్తమం.

ట్రాక్టరుకు కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళు విడివిడిగా ఉంటాయి. దున్నేటప్పుడు మలుపు తిరగడానికి అది అనుకూలం. రోడ్డెక్కే ముందు రెండింటినీ గొళ్ళెంతో తప్పక కలపాలి. లేకపోతే ఒక చక్రమే ఆగి, వెనుక ట్రాలీ నెట్టగా ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది. పల్లంలో దిగేటప్పుడు తక్కువ గేరులోనే దిగాలి. క్లచ్ నొక్కి బండిని వదిలివేయరాదు.

చట్టం చెప్పేది

ఆర్.సి.లో ఉన్న మొత్తం బరువును మించి వాహనాన్ని గాని ట్రాలీని గాని నడపరాదని 113వ సెక్షను చెబుతున్నది. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ తరువాత, 194వ సెక్షను ప్రకారం అధిక బరువుకు 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు మరొక 2,000 రూపాయలు జరిమానా విధించవచ్చును. అదనపు సరకును దింపే ఖర్చు కూడా భరించాలి. బండి ఆపి తూకానికి నిరాకరిస్తే జరిమానా 40,000 రూపాయలు.

మన ఉదాహరణలోని ట్రాలీలో 160 బస్తాలు వేస్తే రెండు టన్నులు అదనం అవుతుంది. జరిమానా 24,000 రూపాయలు. 2023-24లో రాష్ట్రం ప్రకటించిన క్వింటాలు 3,100 రూపాయల ధర చొప్పున చూసినా ఇది 19 బస్తాలకు పైగా ధాన్యం విలువ. ఒక ట్రిప్పు డీజిలు ఆదా చేయబోయి పోగొట్టుకునేది ఇంత.

లైసెన్సు విషయంలో కూడా బరువుల పేర్లు ముఖ్యమే. తేలికపాటి మోటారు వాహనం అనడానికి రవాణా వాహనమైతే మొత్తం బరువును, ట్రాక్టరు అయితే ఖాళీ బరువును చూస్తారు. రెండింటికీ హద్దు 7,500 కిలోలు. ట్రాక్టరు నడిపే లైసెన్సు గల వ్యక్తి, వెనుక ట్రాలీ తగిలించినంత మాత్రాన అర్హత కోల్పోడని సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది.

రుణం తీసుకునే ముందు

ట్రాలీ రుణం ఆదాయం తెచ్చే రుణం కావాలంటే అది ట్రాక్టరుకు తగినదై ఉండాలి. పెద్ద ట్రాలీకి పెద్ద వాయిదా. దానిని లాగలేని ట్రాక్టరుకు క్లచ్ ప్లేట్లు, బ్రేకు లైనింగులు, టైర్ల ఖర్చు అదనం. వాయిదా కట్టవలసిన సొమ్ము మరమ్మతుల పాలవుతుంది. కనుక రైతు సోదరులు ఈ క్రింది విషయాలను పాటించగలరు:

1. ట్రాక్టరు కంపెనీ పుస్తకంలో లాగదగిన ట్రాలీ బరువు, కొక్కెంపై మోపదగిన బరువు ఎంతెంతో చూసి, ఆ తరువాతనే ట్రాలీకి కొటేషను తీసుకోవాలి. కొటేషనులో పొడవు వెడల్పులతో పాటు ఖాళీ బరువు, మొత్తం బరువు, టైర్ల కొలత వ్రాయించుకోవాలి.

2. ట్రాలీ చేతికి రాగానే ఖాళీగా వేబ్రిడ్జిపై తూచి చీటీ భద్రపరచుకోవాలి. రాయపూర్‌లో దీనిని ధర్మకాంటా అంటారు. ఆ బరువు ఆర్.సి.లోని ఖాళీ బరువుతో సరిపోవాలి.

3. కొక్కెం బరువు తెలుసుకోవడానికి ముందుగా ట్రాక్టరును మాత్రమే తూచాలి. తరువాత నిండిన ట్రాలీని తగిలించి, ట్రాక్టరు చక్రాలు మాత్రమే కాటాపై ఉండేటట్లు నిలిపి మళ్ళీ తూచాలి. రెండింటి తేడాయే కొక్కెం బరువు. రెండుసార్లూ డ్రైవరు దిగి ఉండాలి.

4. ట్రాలీని విడిగా నమోదు చేయించి, బ్యాంకు తాకట్టును ఆర్.సి.లో వ్రాయించాలి. బీమా పాలసీలో ట్రాక్టరుతో పాటు ట్రాలీ కూడా చేరినదో లేదో చదివి చూసుకోవాలి.

5. సరకు బరువును బస్తాల సంఖ్యగా మార్చి, ఆ అంకెను ట్రాలీ ముందు రేకుపై రంగుతో వ్రాయించాలి. బస్తాలు ఎత్తే కూలీలకు, నడిపే డ్రైవరుకు ఎప్పుడూ కంటి ఎదుట ఉంటుంది.

6. ట్రాలీపై మనుషులను ఎక్కించరాదు. అది సరకు కోసమే.

మన ఉదాహరణలోని రైతు 263 బస్తాలను 88, 88, 87 చొప్పున మూడు ట్రిప్పులలో తోలితే, ప్రతి ట్రిప్పులోను అనుమతికి దాదాపు తొమ్మిది క్వింటాళ్ళు తక్కువగానే ఉంటాడు. మూడవ ట్రిప్పుకు అయ్యేది కొద్దిపాటి డీజిలు, ఒక పూట సమయం మాత్రమే. దానికి బదులుగా ఇరుసు, టైర్లు, బ్రేకులు, బ్యాంకు వాయిదా, నడిపే మనిషి అన్నీ క్షేమంగా ఉంటాయి.